ద్రావణిని బట్టి దీప్తి

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాసము)



పల్లెటూళ్ల నుండి హైదరాబాదు చేరి పోటీ పరీక్షలకు చదువుకొను యువతీయువకులకు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు అను మూడు పేటలు చిరపరిచితములు. అశోక్‌నగరులో శిక్షణాలయములును అద్దె గదులును, చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయమును, నారాయణగూడలో కళాశాలలును కలవు. ఈ మూడింటి నడుమ పుస్తకములు చేతబట్టుకొని తిరుగు విద్యార్థులలో రసాయనశాస్త్రము చదివినవారికి ఒక చిన్న విషయము ఎక్కడనో ఒకచోట తారసపడక మానదు. ఆరోమాటిక కీటోనుల స్ఫురదీప్తి అవి కరగియున్న ద్రావణిని బట్టి మారును అనునదే ఆ విషయము. దానిని కంఠస్థము చేసి ముందునకు సాగువారే పెక్కుమంది. కాని ఆ ఒక్క వాక్యము వెనుకనున్న సంగతి రైతు మోకాలికి రాచుకొను నొప్పిమందు మొదలు పుస్తకపు అట్టమీది మెఱుగు వఱకు వ్యాపించియున్నది. శాస్త్రము చదువనివారికి గూడ అది తెలియదగినది. దానిని వివరించుటయే ఈ ఉపన్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా స్ఫురదీప్తి యననేమో చూడవలెను. నగరమునను పల్లెలోను గూడ చీకటిలో మెఱయు ప్రతి వస్తువును జనులు రేడియం అనియే పిలుచుచున్నారు. నిజమునకు ఆ పేరు క్రింద మూడు వేఱు వేఱు వెలుగులు కలవు. బండ్ల నంబరు పలకలపై అంటించు అక్షరములు తమంతట వెలుగవు. ఎదుట వచ్చు బండి దీపపు కాంతిని వచ్చిన దారినే త్రిప్పి పంపును. దీపము లేనిచో అవియు చీకటిలో కలిసిపోవును. రెండవది అసలైన రేడియము. 1898లో క్యూరీ దంపతులు కనుగొనిన ఈ లోహమును 20వ శతాబ్ది తొలి దశాబ్దములలో గడియారపు పలకలకు పూయు రంగులలో కలిపెడివారు. ఆ కుంచెల మొనలను పెదవులతో సన్నము చేసికొనిన అమెరికా దేశపు కార్మిక స్త్రీలు పలువురు ఎముకలు కుళ్లు వ్యాధిచే మరణించిరి. నేడు బజారున అమ్ము మెఱుపు బిళ్లలలో ఆ లోహము లేదు. మూడవది, వెలుతురును ముందుగా లోనికి గ్రహించి, దీపమార్పిన పిదప మెల్లమెల్లగా వెలిపుచ్చు వస్తువుల వెలుగు. పిల్లల గది కప్పునకు అంటించు నక్షత్రపు బిళ్లల వెలుగు ఇట్టిది. దీనికే స్ఫురదీప్తి యని పేరు.

ఈ వెలుగు కథ ఇటలీ దేశములోని బొలోన్యా నగరమున ఆరంభమైనది. 1603 ప్రాంతమున అచ్చట కాష్యరోలో అను చెప్పులు కుట్టువాడు బంగారము చేయగోరి సమీపపు కొండ రాళ్లను బొగ్గుతో కాల్చెను. బంగారము రాలేదు గాని, కాల్చిన రాయి ఎండలో కొంతసేపు ఉంచి చీకటిలోనికి తెచ్చినప్పుడు నిప్పుకణికవలె వెలిగెను. ఇట్టి రాళ్లలోను, నేటి నక్షత్రపు బిళ్లలలోను, స్ఫటికమందలి లోపములలో చిక్కుకొనిన ఎలక్ట్రానులు ఆలస్యముగా విడివడుటచే వెలుగు పుట్టును. కర్బన సమ్మేళనముల స్ఫురదీప్తి దీనికంటె భిన్నమైనది. అణువు వెలుతురును దాచుకొను స్థితి యొకటి ఉండవలెనని 1933లో పోలండు శాస్త్రజ్ఞుడు జబ్లోన్‌స్కీ సూచించెను. అది త్రికస్థితియే యని 1944లో అమెరికాలో లూయిస్, కాషా అనువారు నిరూపించిరి.

ఇక కీటోను. ఒక కర్బన పరమాణువు ఆమ్లజని పరమాణువుతో జంటబంధమున కూడియుండి, ఇరువైపుల రెండు కర్బన సమూహములను ధరించినచో ఆ పదార్థమును కీటోను అందురు. గోళ్లరంగును తుడుచుటకు వాడు అసిటోను ఒక కీటోనే. ఆ కర్బనమునకు ప్రక్కన బెంజీను వలయమున్నచో అది ఆరోమాటిక కీటోను అగును. ఈ వంశమున మిక్కిలి ప్రసిద్ధమైనది బెంజోఫీనోను. ఇరువైపుల రెండు వలయములు గల తెల్లని స్ఫటిక పదార్థమిది. కొంచెము గులాబి వాసన వంటి పరిమళము గలది. 48 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కరగిపోవును గనుక, రోహిణీ కార్తె ఎండలో నిలిపిన ఇనుప పెట్టెలో పెట్టినచో ఇది ద్రవమగుట ఆశ్చర్యము కాదు. నీటిలో కరగదు గాని ఆల్కహాలులో తేలికగా కరగును. కరగించు ద్రవమును ద్రావణి యనియు, కరగిన పిదప ఏర్పడిన మిశ్రమమును ద్రావణము అనియు అందురు.

అణువులో ఎలక్ట్రానులు జంటలు జంటలుగా నుండును. జంటలోని రెండును ఎదురెదురు దిక్కులలో బొంగరములవలె తిరుగుచుండునని భావింపవచ్చును. అతినీల లోహిత కాంతి సోకినపుడు జంటలోని ఒక ఎలక్ట్రాను పైమెట్టునకు ఎగురును. దాని తిరుగుడు మారనిచో అది ఏకస్థితి. అచ్చటినుండి క్రిందికి దిగుట సులభము. సాధారణముగా సెకండులో పదికోట్లవ వంతు కాలములో అది దిగివచ్చును. అట్లు దిగునపుడు వెలువడు కాంతి ప్రతిదీప్తి. కాని పైకెక్కిన ఎలక్ట్రాను తన తిరుగుడు దిక్కును మార్చుకొనినచో అది త్రికస్థితి. ఒకే దిక్కున తిరుగు రెండు ఎలక్ట్రానులకు క్రింది మెట్టున ఒకే చోట స్థానము లేదు. కావున అది అటకయెక్కి నిచ్చెన జారవిడిచిన పిల్లవానివలె అచ్చటనే నిలిచిపోవును. ఎట్టకేలకు దిగునపుడు వెలువడు కాంతియే స్ఫురదీప్తి.

బెంజోఫీనోనులో కాంతిని గ్రహించిన అణువులన్నియు దాదాపుగా త్రికస్థితికే చేరును. ఇది సెకండులో లక్ష కోట్ల వంతులలో పది వంతుల కాలములో జరిగిపోవును. మిక్కిలి చల్లార్చిన గాజువంటి ద్రావణిలో అవి అచ్చట సుమారు 5, 6 మిల్లీసెకండ్లు నిలిచి, నీలి వెలుగును వెలిబుచ్చును. 5 మిల్లీసెకండ్లు మానవుని కంటికి రెప్పపాటు కూడ కాదు. కాని ద్రవములోని అణువునకు అది దీర్ఘాయువు. అంత కాలమున అది పొరుగు అణువులతో కోట్లాది పర్యాయములు ఢీకొనును. ద్రావణికి కీటోను వెలుగుపై అధికారము వచ్చుట ఇందువలననే. ఆ అధికారము నాలుగు విధములుగా పనిచేయును.

మొదటిది బంధనము. ద్రవములో అణువులు కదలుచు ఒకదానినొకటి త్రోసికొనుచుండును. ఆ త్రోపులాటలో త్రికస్థితి శక్తి వెలుగుగా మారకముందే వేడిగా మారిపోవును, లేదా మరియొక అణువు దానిని హరించును. ద్రావణిని గడ్డకట్టించినచో ఈ కదలిక ఆగును. అందులకు వాడునది ద్రవ నత్రజని. పశువైద్యశాలలో కృత్రిమ గర్భధారణకై వీర్యమును నిలువ చేయు పాత్రలలో పొగలు గ్రక్కుచుండు ద్రవమిదియే. దాని చల్లదనము సున్నకు దిగువ 196 డిగ్రీలు. అయితే ప్రతి ద్రావణియు ఈ పనికి తగదు. నీరు మంచుగా గడ్డకట్టి, పగుళ్లుబారి, తెల్లబడును. అందులో కాంతి చెదరిపోవును. కావలసినది స్ఫటికము కాదు, గాజు. చక్కెర పాకమును మెల్లగా పేరనిచ్చిన పటికబెల్లపు పలుకులు కట్టును. ముదురు పాకమును త్వరగా చల్లార్చిన పారదర్శకమైన బిళ్ల యగును. రసాయనజ్ఞులు ఈథరు 5 పాళ్లు, ఐసోపెంటేను 5 పాళ్లు, ఆల్కహాలు 2 పాళ్లు కలిపి ఇట్టి బిళ్లను చేయుదురు. అందులో బెంజోఫీనోను నీలి కాంతితో వెలుగును. గాజు కరగి ద్రవమైనంతనే ఆ వెలుగు ఆఱిపోవును.

రెండవది ద్రావణిలో దాగిన గాలి. ఆమ్లజని అణువు పుట్టుకతోనే త్రికస్థితిలో నుండునట్టి వింత పదార్థము. అది ఎదురుపడినంతనే కీటోను తన శక్తిని దానికి అప్పగించి ఆఱిపోవును. గాలి తగిలియున్న బెంజీను వంటి ద్రావణులలో ఆమ్లజని నీటిలో కంటె సుమారు 7 రెట్లు అధికముగా కరగియుండును. అందుచే అట్టి ద్రావణములో కీటోను వెలుగు మైక్రోసెకండు గడువక మునుపే అంతరించును. ప్రయోగమునకు ముందు ద్రావణిలోనికి నత్రజనిని బుడగలుగా పంపి ఆమ్లజనిని వెళ్లగొట్టుటకు కారణమిదియే.

మూడవది దొంగతనము. బెంజోఫీనోను త్రికస్థితిలో నుండగా దాని ఆమ్లజని ఉదజనికై ఆకలిగొనియుండును. ద్రావణి ఐసోప్రొపైల్ ఆల్కహాలు అయినచో అది ఆ ద్రావణి నుండియే ఉదజనిని లాగికొని, వెలుగుటకు బదులు రసాయనిక మార్పు చెందును. బొలోన్యా విశ్వవిద్యాలయమున చమీచన్, జిల్బర్ అను పండితులు 1900లో దీనిని ప్రకటించిరి. ఆల్కహాలులో కరగిన బెంజోఫీనోనును ఎండలో ఉంచగా బెంజోపినకోలు అను క్రొత్త పదార్థము ఏర్పడెను. కొలిమి లేదు, ఆమ్లము లేదు; ఉన్నది ఎండ మాత్రమే. రాబోవు కాలమున కర్మాగారములు బొగ్గుపొగతో గాక సూర్యకాంతితో నడువగలవని 1912లో చమీచన్ న్యూయార్కు మహాసభలో ఉపన్యసించెను. చెప్పులు కుట్టువాని రాయి వెలిగిన ఊరనే, 3 శతాబ్దుల పిమ్మట, వెలుగు రసాయనమును నడిపిన విధము తెలిసెను. దొంగిలించుటకు ఉదజనియే లేని ద్రావణిలో సంగతి వేఱు. ఉదజనికి బదులు ఫ్లోరిను మాత్రమే గల ద్రావణులలో, ఆమ్లజనిని తొలగించినచో, బెంజోఫీనోను గది వేడిమిలోనే, ద్రవములోనే, వందలాది మైక్రోసెకండ్లు వెలుగునని 1968లో ఇంగ్లండున పార్కర్, జాయిస్ చూపిరి. పదార్థమొక్కటే. ఒక ద్రావణిలో అది దొంగ, మరియొక దానిలో దీపము.

నాలుగవది అన్నిటికంటె సూక్ష్మమైనది. కీటోనులో పైకెగురు ఎలక్ట్రాను రెండు స్థానములలో దేనినుండియైనను బయలుదేరవచ్చును. ఆమ్లజని వద్ద ఏ బంధములోను చేరక ఒంటరిగా నుండు జంట నుండి బయలుదేరినది మొదటి తెగ. వలయములోని బంధము నుండి బయలుదేరినది రెండవ తెగ. మొదటి తెగ త్రికస్థితి మిల్లీసెకండ్లలో ముగియును, ఉదజనిని దొంగిలించును. రెండవ తెగ నిదానమైనది. దాని వెలుగు పదులు మొదలు వందల మిల్లీసెకండ్ల వఱకు నిలుచును. దొంగతనము దాదాపుగా చేయదు. ఇప్పుడు ఆల్కహాలు వంటి ద్రావణిని పోయుదము గాక. ఆల్కహాలులోని ఉదజని కీటోను ఆమ్లజనిపైనున్న ఒంటరి జంటను హైడ్రోజను బంధముతో పట్టుకొనును. పట్టుబడిన ఎలక్ట్రానును ఎగురవేయుటకు హెచ్చు శక్తి కావలెను. కావున మొదటి తెగ మెట్టు పైకి జరుగును. రెండవ తెగ మెట్టు ఇట్టి ద్రావణిలో క్రిందికి దిగును. అణువు ఎల్లప్పుడును అన్నిటికంటె క్రింది త్రికమెట్టు నుండియే వెలుగును. రెండు మెట్ల నడుమ దూరము స్వల్పమైనచో ద్రావణి మార్పుతోనే క్రిందిది పైది యగును, పైది క్రిందిది యగును. అప్పుడు వెలుగు రంగు, ఆయువు, అణువు నడవడి అన్నియు మారిపోవును.

బెంజోఫీనోనులో ఈ రెండు మెట్లును దూరముగా నుండుటచే రంగు కొద్ది నానోమీటర్లు మాత్రమే నీలము వైపు జరుగును. కాని దానికి అమైనో సమూహము నొకదానిని చేర్చిన 4-అమైనోబెంజోఫీనోను సంగతి చిత్రమైనది. 1960 దశకమున ఇంగ్లండున జార్జి పోర్టరు, సుప్పాన్ అను శాస్త్రజ్ఞులు దీనిని పరిశీలించిరి. సైక్లోహెక్సేనులో అది ద్రావణి నుండి ఉదజనిని చక్కగా లాగికొనెను. ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఉదజనిని అంతకంటె సులభముగా నిచ్చు ద్రావణి. కావున అందులో చర్య మఱింత వేగముగా జరుగవలెనని ఎవరైన తలంతురు. జరిగినది దానికి విపరీతము. ఆల్కహాలులో ఆ కీటోను ఉదజనిని ముట్టనేలేదు. ధ్రువ ద్రావణిలో దాని క్రింది మెట్టు మారిపోయెను. అమైనో సమూహము నుండి ఎలక్ట్రాను ఆవేశము ఆమ్లజని వైపునకు తరలి, దాని ఆకలిని తీర్చివేసెను. ఇచ్చుటకు సిద్ధముగా నున్న ద్రావణియే పుచ్చుకొనువాని స్వభావమును మార్చెనన్నమాట. జార్జి పోర్టరు కాంతి రసాయనమునందలి అతివేగ చర్యల పరిశోధనకై 1967లో నోబెలు బహుమానమును పంచుకొనినవాడు.

ఈ సూక్ష్మములు ప్రయోగశాల గోడలలోనే నిలిచియుండునవి కావు. ఎండ సోకకుండ చర్మమునకు పూయు లేపనములలో ఆక్సీబెంజోను అను ఆరోమాటిక కీటోను చాలకాలముగా వాడబడినది. అందు ఆమ్లజనికి ప్రక్కనే ఒక హైడ్రాక్సిల్ సమూహముండి, ఆ అణువు తనలో తానే హైడ్రోజను బంధమును కట్టుకొనును. ఆ బంధము వలన అది గ్రహించిన అతినీల లోహిత కాంతి క్షణములో వేడిగా మారిపోవును. కావుననే అది గొడుగువలె పనికివచ్చును. నూనె జాతి ద్రావణులలో చల్లార్చినను దానికి స్ఫురదీప్తి కానరాదు. ఆల్కహాలులో కొన్ని అణువుల లోపలి ముడి వీడి ద్రావణితో ముడి పడును. అప్పుడు చల్లార్చిన ద్రావణములో స్ఫురదీప్తి కనబడును. ఈ కీటోను విషయమున వెలుగు కనబడుట గొడుగు చిరుగుటకు గుర్తు.

రెండవ ఉదాహరణము పల్లెలకు మఱింత దగ్గఱిది. కీళ్లనొప్పులకు, బెణుకులకు రాయు కొన్ని లేపనములలో కీటోప్రొఫెను అను మందు కలదు. దాని అణువులో దాగియున్నది బెంజోఫీనోనే. లేపనము పూసిన చోట ఎండ తగిలినచో ఆ కీటోను తన సహజ గుణమును ప్రదర్శించును. నీటిలో నుండగా అది బొగ్గుపులుసు వాయువును విడిచి విరిగిపోవును. క్రొవ్వువంటి పరిసరమున ఉదజనిని లాగికొనును, ఆమ్లజనికి శక్తి నిచ్చి దానిని ఉద్రేకపరచును. ఫలితముగా కొందఱికి చర్మము కంది, బొబ్బలెక్కును. ఐరోపా ఔషధ సంస్థ 2010లో దీనిని విచారించి, ఆ లేపనము వాడుచున్నన్నాళ్లును, మానిన పిదప 2 వారముల వఱకును, పూసిన భాగమునకు ఎండ తగులకుండ బట్ట కప్పవలెనని హెచ్చరించినది. పగలెల్ల పొలములో వంగి పనిచేయువారు మందు డబ్బాపై పేరు చదివించుకొని, వైద్యుని అడిగి, ఈ జాగ్రత్తను పాటించుట అవసరము. అద్దము వెనుక కూర్చుండి ఉద్యోగము చేయువానికంటె ఈ సంగతి రైతుకూలీకే ముఖ్యమైనది.

మూడవ ఉదాహరణము పుస్తకమునకు సంబంధించినది. నేటి ముద్రణాలయములలో అట్టలపై పూయు నిగనిగలాడు వార్నీషు గాలికి ఆఱదు. అతినీల లోహిత దీపము క్రింద క్షణములో గట్టిపడును. అట్టి వార్నీషులు పెక్కింటిలో చర్యను ఆరంభించునది బెంజోఫీనోను గాని, దాని బంధువు గాని. ఇచ్చట చుట్టునున్న రెసీనే ద్రావణి. ఉదజని నిచ్చు పదార్థమును దానితో కలిపి, కీటోను చేయు దొంగతనమునే ముద్రాపకుడు ఉపయోగించుకొనుచున్నాడు. గాలిలోని ఆమ్లజని అడ్డుపడినచో పైపొర జిగటగా మిగులును.

ఇంతకును ద్రావణి శుద్ధముగా నుండుట ఈ పరిశోధనలకు ప్రాణము. లేశమాత్ర మాలిన్యమైనను తన వెలుగును చేర్చి పరిశోధకుని భ్రమింపజేయును. ఇందుకు భారతదేశ చరిత్రలోనే గొప్ప నిదర్శనము కలదు. 1923లో సి. వి. రామన్ శిష్యుడు కె. ఆర్. రామనాథన్ నీటిలో చెదరిన కాంతిని పరిశీలించుచు, అందు రంగు మారిన ఒక క్షీణమైన వెలుగును చూచెను. అది మాలిన్యపు ప్రతిదీప్తియని తలచి నీటిని మరల మరల శుద్ధిచేసెను. వెలుగు పోలేదు. 1928లో రామన్, కృష్ణన్ సుమారు 60 ద్రవములలో దానినే చూచి, అది మాలిన్యము కాదనియు, క్రొత్త ప్రకృతి ధర్మమనియు నిర్ణయించిరి. ఆ రామన్ వద్ద పనిచేసిన తెలుగువాడు సూరి భగవంతము. నారాయణగూడకు అనతి దూరముననున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఆయన 1952 నుండి 1957 వఱకు ఉపాధ్యక్షుడుగా నుండెను. కాంతికిని అణువులకును గల సంబంధమును గూర్చిన విద్య తెలుగునాట పరాయిది కాదనుటకు ఇది చాలును.

ఆ విద్యను తెలుగులో చెప్పు యత్నము గూడ క్రొత్తది కాదు. 1906లో హైదరాబాదున స్థాపింపబడిన విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్ర గ్రంథములను తెలుగున ప్రకటించెను. 1968లో ఏర్పడి, నారాయణగూడకు ఆనుకొనియున్న హిమాయత్‌నగరు నుండి పనిచేసిన తెలుగు అకాడమి కళాశాల విద్యార్థులకు తెలుగు పాఠ్యగ్రంథములను అందించెను. ప్రతిదీప్తి, స్ఫురదీప్తి, ద్రావణి వంటి మాటలు ఇట్టి పుస్తకముల మూలముననే విద్యార్థుల నోట నిలిచినవి. పల్లెలో తెలుగు మాధ్యమమున చదివిన పిల్లవాడు నగరము చేరిన పిమ్మట ఇంగ్లీషు పుస్తకమునకు బెదరిపోవుట తఱచు కనబడు విషయము. అర్థము ముందుగా తన భాషలో మనసున నాటుకొనినచో ఇంగ్లీషు మాటలు వెనువెంట వచ్చును. అర్థము లేని కంఠపాఠము పరీక్ష ముగిసిన మఱునాడే ఆవిరియగును.

కావున ఈ గ్రంథాలయము 25 సంవత్సరములు నిండిన ఈ శుభ సమయమున నిర్వాహకులు చేయదగిన పని యొకటి కలదు. కథలు, నవలలు, పురాణములు నిండిన బీరువాల సరసన శాస్త్ర గ్రంథములకొక బీరువా కేటాయించుట యుక్తము. అందులో పాఠశాల పిల్లలకు తగినవి, కళాశాల విద్యార్థులకు తగినవి, రైతులకు మందులను, ఎరువులను గూర్చి తెలుపునవి ఉండవలెను. చదువు ముగించి ఊరికి వచ్చిన విద్యార్థులు తమ పాత పుస్తకములను అమ్మివేయక ఈ బీరువాకు ఇచ్చినచో ఖర్చు గూడ తక్కువయగును. సెలవు దినములలో వారిలో ఒకరు వచ్చి, తాము చదివిన దానిలో ఒక్క విషయమును చందాదారులకు వివరించు ఏర్పాటు చేసినచో మఱింత మేలు. ఒక కీటోను వెలుగుటయు ఆఱుటయు దాని చుట్టునున్న దానిపై ఆధారపడియున్నట్లే, పల్లె పిల్లవాని తెలివి వికసించుటకు గూడ తగిన పరిసరము కావలెను. ఆ పరిసరమును కల్పించుట గ్రంథాలయమునకు చేతనగు పని. స్వర్ణోత్సవము నాటికి ఆ బీరువా నిండి, అందలి పుస్తకములు చేతుల మాసి అంచులు నలిగియుండుగాక.